నాలుగో తొట్టి రంగు

212వ రోజు

ఆరు తొట్లూ బాగున్నాయి. గాలి బాగుంది. నేనూ బాగున్నాను.

నిజానికి ఇవాళ్టి రాత ఇక్కడితో అయిపోవాలి. కానీ పెద్దింజనీరు రహమతుల్లా గారు నిన్న ఈ పుస్తకం తిరగేసి, "ఏం పైడిరాజూ, రెండొందల పదకొండు రోజులూ ఇదే రాశావు. ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే పోయేది కదా!" అన్నారు. అందుకని ఈ రోజు నుంచి కాస్త వివరంగా రాస్తున్నాను. ఎక్కువైతే ఆయనే బాధ్యులు.

లోతుగడ్డలో తొట్ల గది నాది. సముద్రం అడుగున ముప్ఫై మీటర్ల లోతులో అరవైనాలుగు మందిమి కాపురాలు చేస్తున్నామంటే ఈ ఆరు గాజు తొట్ల పుణ్యమే. ఒక్కోటి రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. లోపల పచ్చటి నాచు నీళ్ళు బుడబుడమంటూ ఉంటాయి. మేం వదిలే ఊపిరి అవి పీల్చుకుంటాయి, అవి వదిలే గాలి మేం పీల్చుకుంటాం. తొట్టికో రంగుకన్ను బిగించి ఉంది. పచ్చదనం ఎంత చిక్కగా ఉందో కొలిచి అంకె చూపిస్తుంది. డెబ్భై దాటితే చాలు. ఇవి వచ్చాక మనిషి కళ్ళతో చూసి రంగు రాసే పని పోయింది. ఉద్యోగంలో చేరేటప్పుడు చేసే కళ్ళ పరీక్ష కూడా దాంతోపాటే పోయింది. నేను కుర్చీలో కూర్చుని ఆరు అంకెలు రాసుకుంటాను. హాయైన ఉద్యోగం.

తొట్ల అద్దాలు తుడవడానికి పోయిన వారం నుంచి గరికిన కాసులమ్మ పిన్ని వస్తోంది. యాభై రెండేళ్ళు. నిన్నమొన్నటిదాకా మా వంటశాలలో చేపలు ఏరేది. అంతకు ముందు పైన రేవులో ముప్ఫై ఏళ్ళు చేపలమ్మింది. ఇవాళ గుడ్డ భుజాన వేసుకుని నాలుగో తొట్టి ముందు చాలాసేపు నిలబడిపోయింది.

"బాబూ, దీనికేటైంది?"

"ఏమైంది పిన్నీ?"

"రంగు మారింది."

అంకె చూశాను. డెబ్భై ఎనిమిది. "బాగానే ఉంది పిన్నీ."

"అంకె బాగుంది బాబూ. నాను నీళ్ళ సంగతి అడుగుతన్నాను."

మళ్ళీ చూశాను. పచ్చగా ఉంది. పక్కన మూడోదీ పచ్చగా ఉంది. అటు ఐదోదీ పచ్చగానే ఉంది. ఆ మాటే చెప్పాను. పిన్ని నా వంక చంటిపిల్లాడిని చూసినట్టు చూసి, బకెట్టు తీసుకుని ఐదో తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

213వ రోజు

తొట్లు: అన్నీ డెబ్భై ఐదు పైనే.

ఇల్లు: అంత బాగాలేదు.

మా ఆవిడ తబిత ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. కిటికీకి ఆకుపచ్చ తెర తెమ్మని చెప్పి మూడు వారాలైంది. ఇవాళ స్టోరులో అడిగి తెచ్చాను. విప్పి చూసి, "ఇది మట్టి రంగు కదా రాజూ!" అంది.

"ఆకుపచ్చే."

"ఎండిన ఆకైతే సరే."

స్టోరులో రెండు రకాలూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. బాగా ఆలోచించే తీశాను. అదే చెబితే తబిత నవ్వింది. మగవాళ్ళకి ఎరుపు, పచ్చ, నీలం, 'అదేదో రంగు' అని నాలుగే రంగులుంటాయట. తనకి ఎన్ని ఉన్నాయని అడిగాను. నెమలికంఠం, బచ్చలిపండు, ఉల్లిపొర, మామిడిచిగురు, కనకాంబరం, మెంతి, దొండపండు... నేను అన్నం తిని చెయ్యి కడుక్కున్నా ఇంకా చెబుతూనే ఉంది.

తెర మాత్రం కట్టేశాం. ఎటూ కిటికీ బయట చూడ్డానికి నీళ్ళే.

పిన్ని ఇవాళ కూడా నాలుగో తొట్టి దగ్గర ఆగింది. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

215వ రోజు

పైన వాయుగుండం తుఫానైంది. సరుకుల పడవలు ఇంకో తొమ్మిది రోజులు రావు. మేమూ పైకి పోలేం. ఫోను తీగ పొద్దున్నే తెగింది. ఇక్కడ లోపల మాత్రం చడీ చప్పుడూ లేదు. పైన అంత గోల జరుగుతోందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

టీ తాగుతూ పిన్నిని అడిగేశాను. "అసలు నీకేం కనిపిస్తోంది పిన్నీ? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

గ్లాసు పక్కన పెట్టింది. "మొప్ప ఎర్రగుంటే సేప తాజాదంటారు మగోళ్ళు. ఎరుపులో ఎన్ని ఎరుపులుంటాయి బాబూ! తెల్లారగట్ట పట్టినదానికో ఎరుపు, నిన్న మజ్జేనం పట్టినదానికో ఎరుపు, ఐసులో పెట్టి తీసినదానికో ఎరుపు. బుట్టలో సెయ్యెట్టకుండానే సెప్పేసేదాన్ని. ఈ నాలుగో తొట్టి పచ్చగానే ఉంది, కాదన్లేదు. గానీ ఆ పచ్చ ఎనకాల ఉల్లిపొరంత ఎరుపుంది. మొన్నటికంటే నిన్న ఎక్కువ. నిన్నటికంటే ఇయ్యాల ఎక్కువ."

"చెడిపోతోందంటావా?"

"సేపైతే నానమ్మను."

అంతకంటే గట్టి మాట ఆవిడ నోట రాదని నాకు అప్పటికే తెలుసు. రహమతుల్లా గారిని పిలిచాను. ఆయన ఓపికగా వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆరు తొట్లూ అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ చూశారు. నాలుగో తొట్టి నీళ్ళు ఐదు చుక్కలు సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నాచు తప్ప ఏమీ లేదు. గాలి లెక్క కూడా సరిగ్గానే ఉంది.

"నాకైతే తేడా తెలియడం లేదమ్మా," అన్నారు. "మిషనుకీ తెలియడం లేదు. కళ్ళు అలసిపోయి ఉంటాయేమో."

పిన్ని కోపం తెచ్చుకోలేదు. "అవును బాబూ, నిజవే. సూసీ సూసీ అలిసిపోనాను," అంది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. రహమతుల్లా గారు దగ్గి, "సరే, రేపు భోజనాల హాల్లో ఒక పరీక్ష పెడదాం," అన్నారు.

216వ రోజు

పరీక్ష జరిగింది. లోతుగడ్డలో ఇంత సందడి కొత్త సంవత్సరానికి కూడా లేదు.

ఆరు గాజు గ్లాసుల్లో ఆరు తొట్ల నీళ్ళు పోసి, అడుగున తొట్టి అంకె రాసి, తెల్ల గుడ్డ మీద వరస తారుమారు చేసి పెట్టాం. ఒక్కొక్కరూ వచ్చి, వేరుగా ఉన్న గ్లాసు ఏదో చీటీ మీద రాయాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. మాట్లాడుకోకూడదనే నియమం మొదటి నిమిషంలోనే పోయింది.

"అన్నీ ఒకటే గురూ! ఇదేం పరీక్ష?" అన్నాడు జగ్గునాయుడు. మా ఊరి ఈతగాళ్ళలో మొదటివాడు. బయట గొట్టాలకీ జల్లెళ్ళకీ ఏ మరమ్మతు వచ్చినా అతనే దిగాలి.

అతని వెనక నిలబడ్డ వంటశాల ఆడవాళ్ళు, "కళ్ళు తెరిచి చూడవయ్యా, మూడో గ్లాసు వేరుగా లేదూ?" అన్నారు.

"ఏ రకంగా వేరు?"

"వేరంటే వేరు. చెప్పడానికి ఏముంది?"

చివరికి లెక్క తేలింది. ఇరవై రెండు మంది మగవాళ్ళు చీటీ వేస్తే నాలుగో తొట్టి గ్లాసు పట్టుకున్నది నలుగురు. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా అంతమంది పట్టుకుంటారు. పంతొమ్మిది మంది ఆడవాళ్ళలో పద్నాలుగు మంది పట్టుకున్నారు. కాసులమ్మ పిన్నికి గ్లాసుల వరస మూడుసార్లు మార్చి పెట్టాం. మూడుసార్లూ నడుస్తూనే వేలు చూపించింది, ఆగను కూడా లేదు.

ఒకామె మొగుడు, "అయితే పెళ్ళిచూపుల్లో నువ్వు కట్టుకున్నది నీలం చీర కాదా?" అని అడిగాడు. జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

అందరూ నవ్వుకుంటూ వెళ్ళారు. రహమతుల్లా గారు మాత్రం చీటీలు చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. నా చీటీ కూడా అందులోనే ఉంది. నేను ఐదో గ్లాసు రాశాను.

217వ రోజు

తబితకి తెర సంగతి గుర్తొచ్చింది. నిన్న నా చీటీ సంగతీ తెలిసింది. పొద్దున నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళి, బీరువా అడుగు నుంచి పాతకాలపు చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి దుమ్ము దులిపి తీసింది.

"ఇందులో ఏముంది?"

"చుక్కలు."

"చుక్కల మధ్యలో?"

"ఇంకా చుక్కలు."

తను పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. పన్నెండు బొమ్మల్లో ఏడింట్లో నాకు అంకెలేవీ కనిపించలేదు. ఆ బొమ్మల్లో పెద్ద పెద్ద అంకెలున్నాయట. తను వేలితో గీసి చూపిస్తుంటే ఆ వేలు కనిపించింది తప్ప అంకె కనిపించలేదు.

"ఎరుపూ పచ్చా నీకు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి రాజూ. పుట్టుకతోనే ఉంటుంది. వందమంది మగవాళ్ళలో ఐదారుగురికి ఇలా ఉంటుంది. ఆడవాళ్ళలో వందకి ఒక్కరు కూడా ఉండరు. జబ్బేం కాదు."

జబ్బు కాదు సరే. ముప్ఫై ఏళ్ళొచ్చాయి. పచ్చరంగు నీళ్ళకి కాపలా కాసే ఉద్యోగం నాది. పచ్చ అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదని ఇవాళ తెలిసింది. చిన్నప్పుడు పచ్చి మిరపకాయలు కోసుకురమ్మంటే పండువి తెచ్చి తిట్లు తిన్నాను. అందరూ పరాకు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

మధ్యాహ్నం తొట్ల గదిలో కూర్చుని పిన్నికి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అయ్యకీ అంతే బాబూ," అని మాత్రం అని, తొట్టి తుడవడంలో పడింది. తర్వాత నావైపు తిరక్కుండానే, "నాలుగోది ఎక్కువైంది. ఇయ్యాల కనకాంబరం రంగు దిగింది," అంది.

అంకె డెబ్భై ఏడు.

218వ రోజు

ఇవాళ ఒక పని చేశాను. మంచో చెడో రేపు తెలుస్తుంది.

ఆరు తొట్లకీ సముద్రపు నీళ్ళ గొట్టం ఒక్కటే. ఒకదాంట్లో ఏదైనా పురుగు పడితే మిగతావాటికి పాకుతుంది. నాలుగోదాన్ని విడిగా మూసేస్తే గాలి ఆరో వంతు తగ్గుతుంది. తుఫాను పూర్తిగా తగ్గడానికి ఇంకా ఆరు రోజులు. అందరూ కదలకుండా కూర్చుంటే ఐదు తొట్లతో నెట్టుకురావచ్చు. అనవసరంగా మూసేశాక ఇంకో తొట్టికి ఏదైనా అయితే మాత్రం చాలా కష్టం. రహమతుల్లా గారు ఈ లెక్కంతా బల్ల మీద సుద్దతో వేసి చూపించారు.

"మూయడానికి నాకేం అభ్యంతరం లేదు పైడిరాజూ. కానీ దేన్ని చూసి మూస్తున్నాం? మిషను బాగుందంటోంది. చుక్కలో ఏమీ లేదు. నీ కళ్ళూ నా కళ్ళూ ఏమీ లేదంటున్నాయి."

"సార్, నా కళ్ళ సంగతి నిన్ననే తేలిపోయింది. ఆ రంగుకన్ను కూడా పచ్చ ఎంతుందో కొలుస్తుంది, అంతే. ఆ పచ్చలో ఇంకేం కలిసిందో చూడమని దానికెవరూ చెప్పలేదు. కనిపించే మనిషి ఒకరు మన గదిలోనే ఉన్నారు. ఆవిడ ఆరు రోజుల నుంచి ఒకే మాట చెబుతోంది."

ఆయన కాగితం ముందుకి తోశారు. "తొట్ల బాధ్యుడివి నువ్వు. కారణం రాసి సంతకం పెట్టు."

నేను ఇలా రాశాను: 'రంగు మారిందని కాసులమ్మ గారన్నారు. మారలేదని రంగుకన్ను అంది. నేను కాసులమ్మ గారి మాట తీసుకున్నాను.'

వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఒక పక్క నేను, ఇంకో పక్క రహమతుల్లా గారు పట్టుకుని తిప్పాం. పిన్ని మా ఇద్దరికీ నూనె డబ్బా అందించింది.

219వ రోజు

మధ్యాహ్నం మూడింటికి నాలుగో తొట్టి అంకె డెబ్భై ఆరు. నాలుగింటికి నలభై. ఐదింటికి పన్నెండు.

కళ్ళ ముందే జరిగింది. పై నుంచి కిందికి తొట్టి మొత్తం టీ డికాషన్‌లా అయిపోయింది. నాక్కూడా కనిపించింది! వాసన వేరే. రహమతుల్లా గారు ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమన్నారు. గుండ్రటి చిన్న పురుగులు, వందలు వందలు, నాచుని పొట్టల నిండా మేసి దొర్లుతున్నాయి. వాల్వు మూసి ఉండకపోతే ఈ పాటికి ఆరు తొట్లూ ఇలాగే ఉండేవి.

రహమతుల్లా గారు పిన్ని దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మొన్న కళ్ళు అలసిపోయాయేమో అన్నాను. తప్పైంది," అన్నారు.

పిన్ని ఆయన మాట వినడం లేదు. రెండో తొట్టి వైపు చూస్తోంది.

"ఏంటి పిన్నీ? ఉల్లిపొరంత ఎరుపా?" అన్నాను.

"అందులో సగం."

రెండోదాన్నీ మూసేశాం. మిగిలిన నాలుగు తొట్లతో అరవైనాలుగు మందికి నాలుగు రోజులు గాలి చాలుతుంది. తుఫాను పోవడానికి ఐదు రోజులు. రహమతుల్లా గారు ఈసారి సుద్దముక్క తియ్యలేదు. పురుగు బయట సముద్రం నుంచే వస్తోంది, అది మాత్రం ఖాయం. బయటి నీళ్ళు ఆపేద్దామంటే, నాచుకి వెలుగిచ్చే దీపాల వేడికి రెండు రోజుల్లో తొట్లు ఉడికిపోతాయి. గొట్టం మూతి దగ్గరున్న జల్లెళ్ళు జగ్గునాయుడు ఈ వారంలో రెండుసార్లు దిగి చూశాడు, ఏ లోపమూ లేదన్నాడు. రేపు మళ్ళీ దిగుతాడు.

సాయంత్రం నుంచి ఊరంతటికీ కట్టుబాటు: పరుగులు, పాటలు, పోట్లాటలు బంద్. మూడోది మనకి మంచిదేలే అంది తబిత. తన చెయ్యి మాత్రం నా చేతిలోంచి తియ్యలేదు.

220వ రోజు

జగ్గునాయుడితో దిగే కుర్రాడికి చెవిపోటు. దీపం పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. లోతుగడ్డలో అందరికీ ఈత శిక్షణ ఉంది. నాకూ ఉంది. శిక్షణలో నేను ఆఖరువాడినని కూడా అందరికీ తెలుసు.

"దీపం పట్టుకో చాలు గురూ. నాకు అడ్డం రాకు," అన్నాడు జగ్గునాయుడు.

గొట్టం మూతికి ఇనప పంజరం ఉంటుంది. దాని మీద ఏళ్ళ తరబడి పెరిగిన పెంకులు, నాచు, స్పంజి. తబిత చూస్తే వాటికి ఇరవై పేర్లు చెప్పేదేమో. జగ్గునాయుడు దీపం వెలుతుర్లో అంగుళం అంగుళం చూసుకుంటూ పంజరం చుట్టూ తిరిగాడు. ఏమీ లేదని చెయ్యి ఊపాడు.

నేను మాత్రం ఒకచోట ఆగిపోయాను. కింద ఎడమ వైపు, జానెడు మేర, ఏదో గుడ్డ అతికించినట్టు ఉంది. చుట్టూ ఉన్నది గరుగ్గా చెల్లాచెదురుగా ఉంటే, ఆ ముక్క మాత్రం చాప అల్లినట్టు వరసలు వరసలుగా ఉంది. నేను చూపించాను. జగ్గునాయుడు ముఖం దగ్గరగా పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చూపించాను. మళ్ళీ ఊపాడు. నాకు విసుగొచ్చి, నా ఈతంతా కూడగట్టుకుని ముందుకి పోయి, ఆ గుడ్డ అంచు గోటితో పట్టుకుని లాగాను.

ఊడి వచ్చింది. అరచేయంత మందాన, వేలకి వేల గుడ్లు. దాని కింద మూడు జల్లెళ్ళూ కలిసే చోట రబ్బరు పట్టీ కొరికేసి ఉంది. పురుగు పిల్లలు గుడ్డులోంచి బయటపడటం, చిరుగులోంచి తిన్నగా మా తొట్లలోకి రావడం.

లోపలికొచ్చి ముసుగు తీయగానే జగ్గునాయుడు అడిగిన మొదటి మాట: "అదెలా కనబడింది గురూ నీకు?"

"నీకెందుకు కనబడలేదు?"

"అంతా ఒకటే గందరగోళం. ఇక్కడ ఎర్రమచ్చ, అక్కడ పచ్చమచ్చ. ఆ గుడ్ల మీద కూడా అవే మచ్చలున్నాయి కదా!"

నాకు మచ్చలే కనిపించలేదు. తబితకి చెబితే గట్టిగా నవ్వేసి, కట్టుబాటు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది రంగుల్లో దాక్కుంది. నీకు ఆ రంగులు కనబడవు కాబట్టి అల్లిక కనబడింది. నీలాంటి కళ్ళకి ఇలాంటివి దొరుకుతాయని ఎక్కడో చదివాను."

జగ్గునాయుడు కొత్త పట్టీ బిగించాడు. నాకు భుజాల నొప్పి. చాలా సంతోషంగా ఉంది.

221వ రోజు

పొద్దుటి నుంచి రెండో తొట్టితోనే సరిపోయింది. నీళ్ళన్నీ సన్నటి జల్లెడ గుండా తిప్పాం. నాచు కిందికి జారిపోతుంది, పురుగు పైన ఉండిపోతుంది. మూడో వంతు తీసేసి ఒకటో తొట్టి నుంచి మంచి నాచు పోశాం. ఎంత పోయాలో చెప్పే మిషను లేదు. పిన్ని అద్దం ముందు స్టూలేసుకుని కూర్చుంది.

"ఇంకో బిందె. ఇంకోటి. ఆగు బాబూ. ఆ మూల కలపలేదు, కలుపు."

నేను బిందెలు మోశాను. రహమతుల్లా గారు గరిట తిప్పారు. పెద్దింజనీరు గారు ఆవిడ చేత, "సురుగ్గా తిప్పాల బాబూ, పాయసం కాదు," అనిపించుకున్నారు.

సాయంత్రానికి సగం ఉల్లిపొర కాస్తా పావు ఉల్లిపొర అయిందట. నేను పుస్తకంలో అలాగే ఎక్కించాను.

224వ రోజు

రెండో తొట్టి తేరుకుంది. నిన్న ఒక పూట తల బరువెక్కి అందరం చాపల మీద పడుకున్నాం. ఇవాళ గాలి మళ్ళీ సరిపడా ఉంది. తుఫాను ఒడ్డు దాటిందని పైనుంచి సంకేతం వచ్చింది. కట్టుబాటు ఎత్తేశారు. ఎత్తేసిన పావుగంటకే వంటశాలలో ఒక పోట్లాట.

తబిత టిఫిన్ డబ్బాతో తొట్ల గదికి వచ్చింది. ముగ్గురం తింటుండగా, "పిన్నీ, మీ నాన్న గారికి కూడా ఈయనలాగే అన్నారట. నిజమేనా?" అని అడిగింది.

పిన్ని ముద్ద కలుపుతూ ఆగింది. తర్వాత చెప్పింది. వాళ్ళయ్య పోలయ్య ఒకప్పుడు మరపడవ డ్రైవరు. రేవులో అంతటి చేయి లేదనేవారట. ఒకరోజు చీకటి పడే వేళ, పడవలు లోపలికొచ్చే రేవు మొగలో ఎర్ర దీపాన్ని పచ్చ దీపమనుకుని పడవని లోపలికి తెచ్చేశాడు. పడవ గట్టుకి కొట్టుకుని పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ తాగి నడిపాడన్నారు. చుక్క ముట్టని మనిషి. ఆ తర్వాత ఎవరూ పడవ ఇవ్వలేదు. నలభై ఏళ్ళు గట్టు మీద కూర్చుని వలలు అల్లాడు. పిన్ని పన్నెండేళ్ళకి చేపల బుట్ట నెత్తికెత్తుకుంది.

"ఆ దీపం మాట ఇంట్లో ఎవరం ఎత్తం. ఇప్పటికీ," అంది.

తబిత డబ్బా పక్కన పెట్టేసి దగ్గరికి జరిగింది. "పిన్నీ, ఒక సంగతి చెబుతాను. అలాంటి కళ్ళున్న మగవాళ్ళ కూతుళ్ళకి రెండు రకాలూ వస్తాయి. తల్లి నుంచి మామూలువి, తండ్రి నుంచి ఆ తేడా ఉన్నవి. అందరికీ కాదు, ఎక్కడో కొద్దిమందికి ఆ రెండూ కలిసి పనిచేస్తాయి. వాళ్ళకి మా అందరికంటే ఎక్కువ రంగులు కనబడతాయి. మిగతా ఆడవాళ్ళకి కూడా కనబడనివి. మీరు గ్లాసు పట్టినట్టు ఇంకెవరూ పట్టలేదు కదా."

"అంటే?"

"అంటే మీ కళ్ళు ఇలా ఉండటానికి మీ నాన్న గారి కళ్ళు అలా ఉండటమే కారణం అయ్యుంటుంది."

పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చి, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచింది.

227వ రోజు

ఐదు తొట్లు బాగున్నాయి. నాలుగోదాన్లో కొత్త నాచు వేశాం. పిన్నికి ఇవాళ్టి నుంచి తొట్ల గదిలో నాతో సమానమైన ఉద్యోగం. మా ఇద్దరిలో ఎవరు ఒప్పుకోకపోయినా వాల్వు కదలదని రహమతుల్లా గారి ఆర్డరు.

ఫోను తీగ అతికించారు. మనిషికి ఐదు నిమిషాలు. పిన్నికి నంబరు నొక్కిపెట్టాను. అటునుంచి అరుపు మాకందరికీ వినిపించింది. పోలయ్య గారికి ఎనభై ఏళ్ళు, ఫోన్లో మాట్లాడటమంటే పడవ మీంచి గట్టుకి కేకేసినట్టే.

"ఏటే కాసులూ! బతికే ఉన్నావా?"

"ఉన్నానయ్యా. నీకో మాట సెప్పాల." పిన్ని గొంతు సరిచేసుకుంది. "ఆ దీపం మాట."

అటు పక్క అరుపు ఆగిపోయింది.

పిన్ని అంతా చెప్పింది. తొట్టి, ఉల్లిపొర, పురుగు, తబిత చెప్పిన మాట. మధ్యమధ్యలో కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ కళ్ళు పాడైనయి కావయ్యా. పుట్టుకే అంత. అయ్యే నాకూ వచ్చినాయంట. అందుకే నాకు కనబడిందంట."

చాలాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. లైను తెగిందనుకుని నేను చెయ్యి చాచాను. పిన్ని నా చెయ్యి తోసేసింది.

"మరైతే," అన్నాడు పోలయ్య గారు, మొదటిసారి మెల్లగా, "నాను తాగి నడపలేదు కదే?"

"లేదయ్యా."

"నాను సెప్పాను. ఎవడూ ఇనలేదు." తర్వాత ఫోను పక్కకి తిప్పి ఎవరినో పిలిచాడు. ఒక్కరిని కాదు, వీధి మొత్తాన్ని. "ఒరే ఇనండ్రా! నా కూతురు అరవైనాలుగు మందికి ఊపిరి నిలబెట్టింది! నా కళ్ళతోటి! ఇనబడిందా? నా కళ్ళతోటిరా!"

"అయ్యా, అరవకు, గుండె పట్టుకుంటది," అంటూ పిన్ని ఏడుస్తూ నవ్వుతోంది. గదిలో తబిత కూడా అదే పని. రహమతుల్లా గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి, వరసలో ఉన్నవాళ్ళు ఒక్కరూ గొణగలేదు.

"ఆ బాబుకి కూడా నాలాటి కళ్ళేనన్నావు గదా? ఓపాలి ఇయ్యి."

ఫోను నా చేతికొచ్చింది. "నమస్కారమండీ, పైడిరాజుని."

"పెళ్ళైందా బాబూ?"

"అయిందండీ."

"ఆడపిల్లని కను. నీ కళ్ళు ఊరకే పోకూడదు."

అంత పెద్దాయన మాట తీసెయ్యలేక, "అలాగేనండీ," అన్నాను. అదీ గట్టిగానే అన్నట్టున్నాను. గదిలో అందరూ తబిత వైపు తిరిగారు. తబిత నా వీపు మీద ఒక్కటేసింది.